చెయ్యి తిరిగిన ఆడవాళ్ళకు సన్మానం: చెన్నైలో తెలుగు సంఘాలు ఎలా చేయాలి

1919లో మద్రాసులో పుట్టిన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్ళకు పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళకు భర్త పోయాడు, ఒడిలో నెలల పాప. తర్వాత ఆమె గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. ఆమెకూ, అక్కడే సివిల్ చదివిన మరో ఇద్దరమ్మాయిలకూ పట్టాలివ్వాల్సి వచ్చేసరికి, అచ్చయి ఉన్న కాగితాల్లో మగవాడికి వాడే సర్వనామమే ఉంది. దాన్ని కొట్టేసి 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. తర్వాతి రోజుల్లో ఆమె భాక్రా నంగల్ ఆనకట్ట ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్ పనిలో ఉన్నారు.

సన్మానం తలపెట్టిన ఏ సంఘమైనా మొదట ఆలోచించాల్సింది ఆ కాగితం గురించే. ఆమె ఏం పని చేస్తుందో రాస్తున్నామా, లేక 'ఆడదై ఉండి కూడా' అని మన ఆశ్చర్యాన్ని రాస్తున్నామా? వేదిక, శాలువా, భోజనం, ఫొటోలు అన్నీ ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టే మారతాయి. పెరంబూరు, కొరుక్కుపేట, విల్లివాక్కం, అంబత్తూరు వైపు ఉన్న తెలుగు సంఘాలను, అపార్ట్‌మెంటు అసోసియేషన్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఎనిమిది మందిని సన్మానించడానికి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాలి. నాలుగు వారాల్లోనూ చేయొచ్చు కానీ అప్పుడు ఎవరో ఒకరి పేరు తప్పు పడుతుంది, కానుకగా ఇచ్చే బూట్లు సరిపోవు, ఇద్దరు రాలేకపోతారు.

ఎవరిని పిలవాలి

మొదటి మీటింగులోనే హద్దులు గీసుకోండి. కుట్టుపని, బ్యూటీ పార్లరు, వంట కూడా నైపుణ్యమే. వాటిలో ఆడవాళ్ళను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, వాళ్ళకు వేరే సభ చేయొచ్చు. ఈ సభ మాత్రం మగవాళ్ళ పనులుగా చెలామణీ అయ్యేవాటిలో నిలదొక్కుకున్న వాళ్ళ కోసం. వైరింగ్, ప్లంబింగ్, వెల్డింగ్, లేత్ (తిరిగే లోహాన్ని కోసే యంత్రం), సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రం), ఏసీ మెకానిక్, టూవీలర్ మెకానిక్, తాపీపని, టైల్స్, వడ్రంగం, లిఫ్టు సర్వీసు, ఆటో, బస్సు, లారీ, క్రేను, లోకో పైలట్.

'నిలదొక్కుకోవడం' అంటే ఏమిటో కూడా రాసుకోండి. లేకపోతే టీవీలో వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. మేం సూచించే కొలతలు ఇవి: ఆ పనిలో కనీసం మూడేళ్ళు, ఇప్పటికీ ఆ పనే చేస్తూ ఉండటం, పైన ఎవరూ నిలబడకుండా ఒక పనిని మొదలుపెట్టి ముగించగలగడం. ఇంకొకరికి పని నేర్పి ఉంటే వాళ్ళను పైన పెట్టండి. డిగ్రీ, ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే మంచిదే గానీ తప్పనిసరి చేయకండి. తాపీపనిలో ఉన్న ఆడవాళ్ళలో చాలామంది ఏ కాగితమూ లేకుండా నేర్చుకున్నవాళ్ళే.

తాపీపని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చెన్నై సైట్లలో మేస్త్రీని కొత్తనారు అంటారు, ఇటుకలూ సిమెంటూ అందించే ఆడమనిషిని సిత్తాళ్ అంటారు. ఇరవై ఏళ్ళు సైటులో ఉన్నా చాలామంది సిత్తాళ్‌గానే మిగిలిపోతారు, ఎందుకంటే తాపీ చేతికిచ్చేవాళ్ళు ఉండరు. కూలిలోనూ ఆ తేడా అంతే ఉంటుంది. అలాంటి చోట తూకంగుండు పట్టుకుని గోడ నిలువు చూసే స్థాయికి వచ్చిన ఆవిడ దొరికితే, ఇంగ్లీషు బాగా మాట్లాడే ఇంజనీరమ్మాయి కంటే ముందు ఆవిడ పేరే రాసుకోండి.

ఎక్కడ వెతకాలి

వాట్సాప్ గ్రూపులో 'ఎవరైనా తెలిస్తే చెప్పండి' అని పెడితే వచ్చేవి కార్పొరేట్ మేనేజర్ల పేర్లే. కాళ్ళకు పని చెప్పాలి.

గిండీలో ఆడపిల్లల కోసం ప్రభుత్వ ఐటీఐ ఉంది. అంబత్తూరులోనూ, నార్త్ చెన్నైలోనూ ఐటీఐలు ఉన్నాయి. అక్కడి శిక్షణాధికారులకు ఏ బ్యాచ్‌లో ఎవరు ఏ కంపెనీకి వెళ్ళారో, ఎవరు పని మానకుండా నిలబడ్డారో గుర్తుంటుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళ కోర్సులు, వెల్డర్ ఏడాది. కాబట్టి మూడేళ్ళ అనుభవం కావాలంటే కనీసం నాలుగైదేళ్ళ కిందటి బ్యాచ్‌ల గురించి అడగాలి.

అంతకంటే మంచి దారి దుకాణాలు. ఎలక్ట్రికల్, శానిటరీ, హార్డ్‌వేర్ షాపుల కౌంటర్ దగ్గర నిలబడి, 'సొంతంగా సరుకు కొనుక్కెళ్ళే ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఖాతా ఉన్నవాళ్ళు ఉన్నారా' అని అడగండి. తన పేరు మీద ఖాతా ఉందంటే ఆమె ఎవరి కిందో సహాయకురాలు కాదు, సొంతంగా పని ఒప్పుకుని చేస్తోందన్నమాట. మెకానిక్‌ల కోసం పుదుపేట స్పేర్ పార్టుల వాళ్ళను, ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసేవాళ్ళ కోసం రిచీ స్ట్రీట్ వాళ్ళను అడగొచ్చు. అంబత్తూరు ఎస్టేటులో టీ కొట్టువాళ్ళకు తెలిసినంత అక్కడి కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ళకు తెలియదు. ఏ షెడ్డులో ఆడవాళ్ళు మెషీన్ మీద ఉన్నారో, ఏ షెడ్డులో ప్యాకింగులో మాత్రమే ఉన్నారో వాళ్ళు చెప్పేస్తారు.

ఇరవై పేర్లు వస్తే ఎనిమిది మిగులుతాయి. కొందరికి ఇష్టం ఉండదు, కొందరు పని మానేసి ఉంటారు. ఆ మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో కూడా రాసి ఉంచుకోండి. పెళ్ళి, పురుడు, రాత్రి షిఫ్టు, సైటులో మరుగుదొడ్డి లేకపోవడం, పూర్తి పని చేయించుకుని సగం కూలి ఇవ్వడం. సభ తర్వాత చేయాల్సిన పనికి ఇదే ఆధారం.

ముందు అడగండి, తర్వాత చూడండి

ఫోన్‌లో 'మీకు అవార్డు వచ్చింది' అని చెబితే మోసం అనుకుని పెట్టేస్తారు. చెన్నైలో డబ్బులు కట్టించుకుని అవార్డులు ఇచ్చే బృందాలు కొన్ని తిరుగుతున్నాయి, కాబట్టి అనుమానం సహజమే. పరిచయం ఉన్నవాళ్ళ ద్వారా వెళ్ళండి. ఇద్దరు వెళ్ళండి, అందులో ఒకరైనా ఆడవాళ్ళు ఉండాలి. 'మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోం' అనేది మొదటి వాక్యంలోనే చెప్పండి.

అడగాల్సినవి: సన్మానం ఇష్టమేనా? ఫొటో వేయొచ్చా? ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా, సభలో చూపించడం వరకేనా? కంపెనీ పేరు చెప్పొచ్చా? కంపెనీలో పనిచేసేవాళ్ళు షాప్‌ఫ్లోర్ ఫొటోలు బయటపెడితే ఉద్యోగానికే ఇబ్బంది రావొచ్చు, అందుకని సూపర్‌వైజర్ అనుమతి లేకుండా మెషీన్ ఫొటో వాడొద్దు. ఇంట్లో గొడవ వచ్చే అవకాశం ఉంటే ఆమె చెప్పేదాకా ఆగండి, తవ్వి అడగొద్దు. ఎన్ని కష్టాలు పడ్డారో చెప్పమని బలవంతపెట్టొద్దు. ఆమె ఇష్టపడి చెప్పినా, పత్రంలో పెట్టేముందు మళ్ళీ అడగండి.

పేరు ఆమె చేత్తోనే రాయించుకోండి. ఇక్కడ ఇంటిపేరు వాడకం తక్కువ, ముందు ఇనీషియల్ వస్తుంది. అది తండ్రిదా, భర్తదా అన్నది ఆమె ఇష్టం. మీకు మీరే ఊహించి ఇంటిపేరు తగిలించొద్దు. వెనకాల కులం పేరు అసలే వద్దు.

తర్వాత ఒక గంట ఆమె పనిచేసే చోట ఉండి చూడండి. ఈ గంట లేకుండా మంచి సన్మాన పత్రం రాయడం కుదరదు. వెల్డింగ్ చూడటానికి వెళితే వెల్డింగ్ అద్దం లేకుండా ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వైపు చూడకండి, ఫొటో తీసే పిల్లలకు కూడా చెప్పండి. అప్పటికి ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, సాధారణంగా రాత్రికి, కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది.

సన్మాన పత్రంలో ఏం రాయాలి

మన భాషలో పొగడ్తకు కొదవ లేదు. పెద్దనకు గండపెండేరం తొడిగారని ఇప్పటికీ చెప్పుకుంటాం. కానీ ఆ కథలోనూ గండపెండేరం ముందు పద్యం ఉంది. పని చూపించాకే గౌరవం. మన సంఘాల పత్రాల్లో మాత్రం 'మహిళా శిరోమణి', 'ఆదిశక్తి స్వరూపిణి', 'అబల కాదు సబల' అని నాలుగు పేరాలు నడిచి, ఆమె ప్లంబరో ఫిట్టరో చివరిదాకా తెలియదు. పేరు మారిస్తే ఆ పత్రం ఎవరికైనా సరిపోతుంది. అదే దాని లోపం.

వంద నుంచి నూట ఇరవై మాటలు చాలు. మొదటి వాక్యంలో పేరు, పని, ఎన్నేళ్ళు. రెండో వాక్యంలో ఆమె ఏ యంత్రం మీద, ఏ కొలతలో, ఏ కష్టంతో పనిచేస్తుందో. మూడో వాక్యంలో ఇదివరకు చేసిన ఒక పెద్ద పని. నాలుగోది ఎవరికి నేర్పింది. అంతే.

రెండో వాక్యం రాయడానికి ఆ పని గురించి కొంత తెలియాలి. వెల్డరయితే ఏ పొజిషన్‌లో వెల్డ్ చేయగలదో అడగండి. 3జీ అంటే ప్లేటు నిలువుగా ఉంటుంది. 4జీ అంటే తలపైన, కరిగిన లోహం మీదికి జారుతున్నా దాన్ని నిలపాలి. 6జీ అంటే పైపు 45 డిగ్రీల వాలులో బిగించి ఉంటుంది, తిప్పడానికి వీల్లేదు, వెల్డరే చుట్టూ తిరగాలి. 6జీ పరీక్ష నెగ్గిన వెల్డర్‌ని 'వెల్డింగ్ కూడా చేస్తారు' అని పరిచయం చేయడం, సంగీత విద్వాంసురాలిని 'పాటలు కూడా పాడతారు' అన్నట్టు ఉంటుంది. లేత్ లేదా సీఎన్‌సీ మీద ఉన్నవారయితే ఎంత టాలరెన్స్‌కు (కొలతలో ఒప్పుకునే తేడా) పనిచేస్తారో అడగండి. 0.02 మిల్లీమీటర్లు అంటే ఇరవై మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు. ఈ పోలిక చదివితే హాలంతా నిశ్శబ్దమవుతుంది, విశేషణాలు అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ అయితే త్రీఫేజ్ ప్యానెల్ సొంతంగా కట్టగలరా, లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన వైర్‌మన్ సర్టిఫికెట్ ఉందా కనుక్కోండి. ఏసీ మెకానిక్ అయితే రాగి గొట్టాలకు బ్రేజింగ్ (వేడితో అతకడం), గ్యాసు నింపేముందు వాక్యూమ్ తీయడం (లోపలి గాలి లాగేయడం) సొంతంగా చేస్తారా. తాపీ మేస్త్రి అయితే గోడ, పూత, మెట్లు, వీటిలో ఏది. మెట్లు కట్టగలిగితే లెక్క తెలిసిన మేస్త్రి.

ఒక ఉదాహరణ, కల్పించిందే. 'వీరు స్త్రీజాతికే గర్వకారణం. మగవారికి దీటుగా వెల్డింగ్ రంగంలో దూసుకుపోతూ...' ఇలా కాకుండా: 'ఏడేళ్ళుగా పైపు వెల్డరు. తిప్పడానికి వీల్లేని పైపుకు 45 డిగ్రీల వాలులో చుట్టూ కుట్టువేయగల 6జీ అర్హత ఉంది. వీరు వేసిన కుట్లను ఎక్స్‌రే తీసి చూశాకే పైపులైన్లోకి నీరో ఆవిరో వదులుతారు. ఇప్పుడు ముగ్గురు అప్రెంటిస్‌లు వీరి దగ్గర నేర్చుకుంటున్నారు.' రెండోదాంట్లో ఒక్క పొగడ్త లేదు. చదివినవారికి గౌరవం దానంతటదే కలుగుతుంది.

'లేడీ ఎలక్ట్రీషియన్', 'మహిళా మెకానిక్' అని రాయొద్దు. ఎలక్ట్రీషియన్, మెకానిక్, మేస్త్రి చాలు. 'గారు' ఉంది కదా. 'మన్' ఉన్న పదవుల దగ్గర మాత్రం ఆమెనే అడగండి. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ఆడవాళ్ళను తీసుకోబోమని అన్నప్పుడు కొందరు హైకోర్టుకు వెళ్ళి, స్తంభం ఎక్కే పరీక్షకు హాజరయ్యే హక్కు తెచ్చుకున్నారు. 2021లో బబ్బూరి శిరీష ఆ ఉద్యోగంలో చేరాక పత్రికలు 'లైన్‌ఉమన్' అని రాయడం మొదలుపెట్టాయి. కొందరికి అది గర్వం, కొందరికి 'నేను లైన్‌మన్‌నే' అనడం గర్వం. ఎవరిమాట వాళ్ళది.

'మొట్టమొదటి' అనే మాటతో జాగ్రత్త. చెన్నైలో మొదటి మహిళా ఇది, దక్షిణ భారతంలో మొదటి అది అని రాశాక, అంతకు పదేళ్ళ ముందే చేసినావిడ సభలోనే కూర్చుని ఉండొచ్చు. రుజువు చేతిలో లేకపోతే తీసేయండి.

ఇక భాష. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళలో చాలామందికి ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. పత్రాన్ని తెలుగులో మాత్రమే ఇస్తే ఆమె దాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాలి. ఎడమవైపు తెలుగు, కుడివైపు తమిళం వేయించండి. ప్రింటింగ్ దగ్గర ఒక చిక్కుంది. ఇక్కడి ఫ్లెక్సు షాపుల కంప్యూటర్లలో తెలుగు ఫాంట్లు సరిగ్గా ఉండవు, వర్డ్ ఫైలు పంపితే ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి వస్తాయి. 'లక్ష్మి' మూడు ముక్కలవుతుంది. అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ మాత్రమే పంపండి, ముందు ఒక్క కాపీ తీయించి, ఆమెకే వాట్సాప్‌లో చూపించి, సరేనన్నాకే మిగతావి. సైజు ఏ4 చాలు. పది అడుగుల గదిలో రెండడుగుల ఫ్రేము తగిలించడానికి గోడ ఎక్కడుంటుంది?

ఏ రోజు, ఎంతసేపు

మార్చి 8న పెట్టకండి. ఆ రోజు వీళ్ళను ఐదుచోట్ల నుంచి పిలుస్తారు. పూట సెలవు పెట్టి ఒక్క కంపెనీలో కేకు కోసి వచ్చేసరికి అలిసిపోతారు. ఆయుధపూజ సరైన సందర్భమే, కానీ ఆ రోజు ఎవరి వర్క్‌షాపులో వాళ్ళు పనిముట్లు కడిగి బొట్టు పెట్టుకోవాలి. ఆ తర్వాతి ఆదివారం అయితే బాగుంటుంది. ఈశాన్య రుతుపవనాలు దగ్గరపడే కాలం కనుక ఆరుబయట షామియానా వద్దు, హాలు తీసుకోండి. ఇంకో రోజు కావాలంటే లలిత పుట్టినరోజు ఆగస్టు 27 దగ్గరి ఆదివారం చూడండి, పరిచయానికి మంచి ముడి కూడా దొరుకుతుంది.

శనివారం సాయంత్రం వద్దు. సైటు పనివాళ్ళకు వారం కూలి లెక్క తేలేది ఆ పూటే. ఆదివారం పొద్దున్న పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండున్నరకు భోజనాలకు లేవాలి. పిల్లల్ని తీసుకురమ్మని మీరే చెప్పండి. హాలు బుక్ చేసేముందు ఆడవాళ్ళ బాత్‌రూమ్‌కు గడియ పడుతుందో లేదో, నీళ్ళొస్తాయో లేదో స్వయంగా చూడండి.

రోజుకూలీ మీద బతికేవాళ్ళు మీ సభకు వస్తే ఒక రోజు సంపాదన పోతుంది. ఆటో నడిపేవారికి ఆదివారం మంచి గిరాకీ రోజు. ఆ రోజు కూలి, రానూపోనూ ఖర్చు లెక్కగట్టి ముందు రోజే వాళ్ళ ఖాతాలో వేయండి. దీన్ని కానుక లెక్కలో కలపొద్దు, వేదిక మీద ప్రకటించొద్దు.

కానుకలు

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ప్లాస్టిక్ బంగారు రంగు మెమెంటో మానేసి, ఆ డబ్బుతో ఆమె పనిలో వాడే ఒక మంచి వస్తువు కొనండి. మనిషికి నాలుగైదు వేలు పెట్టగలిగితే సంతృప్తిగా కొనొచ్చు. ఏం కావాలో ఆమెనే అడిగితే 'ఏదైనా పర్లేదు' అంటారు. 'మీ దగ్గర ఉన్న పనిముట్లలో ఏది పాడైంది?' అని అడిగితే చెబుతారు.

ఎలక్ట్రీషియన్‌కు కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఇవ్వొచ్చు, ఇంటి ప్యానెళ్ళ పనికి దాని మీద క్యాట్ 3 (CAT III), 600 వోల్టులు అని ఉండాలి. స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు అయితే పిడి మీద 1000 వోల్టుల గుర్తు, జంట త్రిభుజాలు ఉన్నవే తీసుకోండి. పిడికి రంగు ప్లాస్టిక్ తొడిగినంత మాత్రాన ఇన్సులేషన్ కాదు. వెల్డర్‌కు తనంతట తానే నల్లబడే హెల్మెట్, 9 నుంచి 13 వరకు షేడ్ (అద్దం నల్లదనం) మార్చుకునే రకం. లేత్ మీద పనిచేసే టర్నర్‌కు 150 మిల్లీమీటర్ల డిజిటల్ వెర్నియర్ లేదా 0-25 మిల్లీమీటర్ల మైక్రోమీటరు. ప్లంబర్‌కు 14 అంగుళాల పైప్ రెంచి. తాపీ మేస్త్రికి 600 మిల్లీమీటర్ల రసమట్టం. ఆటో నడిపేవారికి వస్తువు కంటే కొత్త బ్యాటరీకో, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చుకో సాయం చేస్తే మేలు.

లేత్, డ్రిల్లింగ్ మెషీన్ మీద పనిచేసేవారికి చేతి తొడుగులు ఇవ్వొద్దు. తిరిగే చక్కులో (ముక్కనో బిట్‌నో పట్టి తిప్పే భాగం) తొడుగు చిక్కుకుంటే చెయ్యి కూడా లోపలికి పోతుంది. అదే కారణంతో ఉంగరాలు, కంకణాలు కూడా. ఎలక్ట్రీషియన్‌కు లోహపు గాజులు కానుకగా ఇచ్చి వేదిక మీదే తొడగడం చూడటానికి బాగుంటుంది, కానీ మర్నాడు వాటిని తీసి పెట్టెలో పెట్టాల్సిందే.

బూట్లు ఇస్తే అందరికీ పనికొస్తాయి, కానీ సైజు దగ్గర దెబ్బతింటారు. సేఫ్టీ షూలు మన దుకాణాల్లో ఎక్కువగా 6, ఆపైనే దొరుకుతాయి. చాలామంది ఆడవాళ్ళవి 3, 4, 5. వదులు బూటులో రెండు సాక్సులు వేసుకుని ఏళ్ళ తరబడి నిచ్చెన ఎక్కుతున్నవాళ్ళు ఉన్నారు, జారితే దెబ్బ వాళ్ళకే. కాగితం మీద పాదం గీయించుకుని, నెల ముందే ఆర్డరివ్వండి, ఐఎస్ 15298 గుర్తు చూసి తీసుకోండి. సైటులో పెట్టుకునే హెల్మెట్‌కయితే ఐఎస్ 2925.

పేరు చెక్కించాలనుకుంటే పెట్టె మీద చెక్కించండి. ఇన్సులేటెడ్ పిడి మీద లేజర్‌తో పేరు చెక్కితే ఇన్సులేషన్ పోయినట్టే, ఆ పనిముట్టు ఇక నమ్మదగింది కాదు. హెల్మెట్ మీద రంగులు, జిగురు స్టిక్కర్లు కూడా వద్దు, కొన్ని రసాయనాలు ఆ ప్లాస్టిక్‌ను పెళుసు చేస్తాయి.

శాలువా కప్పాలన్న ముచ్చట మానక్కర్లేదు. జరీ మెరుపుల పాలిస్టర్ శాలువాకు బదులు మంగళగిరి నూలు కండువానో, పొందూరు ఖద్దరో తెప్పించండి. పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు కండువా అయితే ఎండలో తలకు చుట్టుకోవడానికైనా పనికొస్తుంది.

పసుపు కుంకుమల విషయం స్పష్టంగా చెప్పాలి. ఇస్తే వేదిక మీద ఉన్న అందరికీ ఇవ్వండి, లేదా ఎవరికీ ఇవ్వకండి. ఎనిమిది మందిలో ఒకరిద్దరికి భర్త లేకపోవచ్చు, అసలు ఈ పనిలోకి రావడానికి చాలామందికి అదే కారణం కూడా. తాంబూలం పళ్ళెం పట్టుకున్న అమ్మాయి క్షణం తటపటాయించి పక్కావిడ దగ్గరికి వెళ్ళిందంటే, అంతవరకు చేసిన గౌరవం మొత్తం అక్కడే పోతుంది. పళ్ళెం పట్టుకునేవాళ్ళకు ముందురోజే చెప్పి పెట్టండి. లలిత ఆ వరుసలో నిలబడి ఉంటే ఏం చేసేవాళ్ళమో ఆలోచిస్తే చాలు.

వేదిక

సన్మానం పొందేవాళ్ళు మొదటినుంచీ వేదిక మీద కుర్చీల్లో కూర్చోవాలి. అతిథులు కింద మొదటి వరుసలో. మామూలుగా దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది, పెద్దలు గంటసేపు కూర్చుని మాట్లాడతారు, వీళ్ళు వరుసలో నిలబడి నిమిషంలో దిగిపోతారు. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు లెక్కేసుకోండి: పత్రం చదవడానికి ఒకటి, ఫొటోలకు ఒకటిన్నర, కండువాకు ఒకటి, ఆమె మాట్లాడటానికి రెండు, లేచి కూర్చోవడానికి అరనిమిషం. ఎనిమిది మందికి 48 నిమిషాలు. ముఖ్య అతిథికి ఐదు నిమిషాలు, అదీ చివర్లో. ఆయనకు ముందే చెప్పండి, నొచ్చుకుంటే ఇంకొకరిని పిలవండి.

కండువా ఎవరు కప్పాలన్నది ఆమెనే అడగండి. పని నేర్పిన గురువు కావొచ్చు, తల్లి కావొచ్చు, తన దగ్గర నేర్చుకుంటున్న పిల్ల కావొచ్చు. మాట్లాడటం ఇష్టం లేనివారిని మైకు ముందు నిలబెట్టొద్దు, పని గురించి రెండు ప్రశ్నలు అడిగితే చాలామంది నోరు విప్పుతారు. 'ఈ పనిలో అన్నిటికంటే కష్టమైంది ఏది?' అనేది మంచి ప్రశ్న. 'ఇంటినీ పనినీ ఎలా చూసుకుంటున్నారు?' అనేది వద్దు, మగ మేస్త్రిని ఎవరూ అలా అడగరు.

హాలు వెనక ఒక బల్ల వేసి వాళ్ళు చేసినవి పెట్టండి. వెల్డ్ చేసిన ప్లేటును అడ్డంగా కోసిన ముక్క, లేత్ మీద తీసిన షాఫ్టు, వైరింగ్ చేసిన బోర్డు (కరెంటు లేకుండా), తూకంగుండు. పక్కనే ఒక మైక్రోమీటరు పెట్టి పిల్లల చేత వాళ్ళ వెంట్రుకే కొలిపించండి. హాలులో వెల్డింగ్ చేసి చూపించమని మాత్రం ఎవరడిగినా ఒప్పుకోవద్దు. ఫ్లెక్సు మీద ఎనిమిది మంది ఫొటోలే ఉండాలి, ఫోన్ నంబర్లు ఉండకూడదు. నంబరు ఫ్లెక్సు మీద పడితే ఆ రాత్రి నుంచే పనికిరాని కాల్స్ మొదలవుతాయి.

సభ అయ్యాక

మీ అపార్ట్‌మెంట్లలో, సంఘం సభ్యుల ఇళ్ళలో ఏడాదికి ఎన్ని వైరింగ్, ప్లంబింగ్, ఏసీ పనులు వస్తాయో లెక్కేయండి. ఒప్పుకున్నవారి పేర్లు, చేసే పనులు, పనిచేసే ప్రాంతాలు ఒక పేజీలో రాసి మేనేజర్ దగ్గర ఉంచండి. పని చెప్పాల్సి వస్తే ఆ మేనేజర్ ద్వారానే చెప్పాలి, నంబరు గ్రూపుల్లో తిరగకూడదు. రేటు దగ్గర బేరం వద్దు. సమాన పనికి సమాన వేతనమని చట్టం 1976లోనే వచ్చింది. అయినా వేదిక మీద చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చాక 'ఆడమనిషివి కదా, కాస్త తగ్గించు' అనేవాళ్ళు ఉంటారు. పని అయిన రోజే డబ్బు ఇవ్వండి. ఆమె పనిచేసే పూట కామన్ బాత్‌రూమ్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర కాకుండా ఆమె చేతికే ఇవ్వండి. చిన్న విషయమే, కానీ సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా పనిచేసే అలవాటు చాలామందికి దీనివల్లే వచ్చింది.

డబ్బు మిగిలితే వచ్చే ఏడాది ఐటీఐలో చేరే ఒక తెలుగు అమ్మాయికి పరీక్ష ఫీజు, టూల్‌కిట్, బస్ పాస్ ఖర్చు పెట్టుకోండి. ఆ అమ్మాయిని సన్మానం పొందినవాళ్ళలో ఒకరి దగ్గరికి నెలకు రెండు ఆదివారాలు పంపండి, నేర్పినందుకు ఆమెకూ ఆ పూట కూలి ఇవ్వండి.

ఫొటోలు వారంలోపు పంపాలి, గ్రూపు ఫొటో కాదు, ఎవరిది వాళ్ళకు విడిగా, పెద్ద సైజులో. ఒకటి ప్రింటు తీయించి ఇస్తే ఇంకా మంచిది. పరిచయం కోసం తీసుకున్న సర్టిఫికెట్ కాపీలు, ఆధార్ ఫొటోలు సంఘం వాళ్ళ ఫోన్లలోంచి అదే వారం తీసేయండి. ఆర్నెల్ల తర్వాత ఒకరు ఎనిమిది మందికీ ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోవాలి: అదే పనిలో ఉన్నారా, మన ద్వారా ఎన్ని పనులు వచ్చాయి, ఆ డబ్బు పూర్తిగా అందిందా. మూడోదానికి 'లేదు' అని వస్తే, బాకీ పడ్డ సభ్యుడి ఇంటికి సంఘం కార్యదర్శి స్వయంగా వెళ్ళి వసూలు చేసి తేవాలి.